లైన్ క్లియర్

వంటింటి గ్యాసు పొయ్యి అగ్గిపుల్లకు వెలిగింది గాని, బాయిలర్ వెలగలేదు.

జనార్దనరావుగారు బాయిలర్ ఉన్న అలమర తలుపు తెరిచి, లోపలికి టార్చిలైటు పట్టుకొని చాలాసేపు నిలబడిపోయారు. బయట గాలివాన వెలిసి రెండు గంటలైంది. తెల్లవారుజామున ఒక పెద్ద పెళపెళ వినిపించి, ఐర్లండులోని కాజిల్‌బార్ ఊరిచివర ఉన్న ఆ పద్నాలుగిళ్ళ కాలనీ అంతా ఒక్కసారిగా చీకటైంది. ఆ క్షణాన ఆయన కంగారుపడలేదు. నిజం చెప్పాలంటే లోలోపల కొంత సంతోషించారు కూడా. కిందటి సెప్టెంబరులో కూతురు అనురాధ, గ్యాసు తీయించేసి కరెంటుతో ఇంటిని వెచ్చబరిచే హీట్ పంపు పెట్టిద్దామన్నప్పుడు అడ్డుపడింది ఆయనే.

"ఇంటినంతా ఒకే తీగకు వేలాడదీయకూడదమ్మా. ముప్పైయెనిమిదేళ్ళు ఆ తీగలతో కాపురం చేసినవాణ్ణి, నాకు తెలుసు" అన్నారు.

సూపరింటెండింగ్ ఇంజనీరుగా పదవీ విరమణ చేసిన మనిషి మాటకు ఇంట్లో ఎదురు లేకపోయింది. పెరట్లో గ్యాసు ట్యాంకు ఉండిపోయింది. ఆ ధైర్యంతోనే, ముందుగదిలోని పొగగొట్టంలోంచి చలిగాలి దిగుతున్నదని, నిప్పుగూడును పలకతో మూయించారు.

ఇప్పుడు టార్చి వెలుగులో బాయిలర్ పక్కన గోడమీద అరచెయ్యంత తెల్లని స్విచ్చు కనిపించింది. దాని అడుగునుంచి చిటికెనవేలంత తెల్లని తీగ ఒకటి బయలుదేరి బాయిలర్ పొట్టలోకి పోతున్నది. గ్యాసు ఉంది, నీళ్ళున్నాయి, గదిగదికీ గొట్టాలున్నాయి. నిప్పు రాజేసే మిణుకుకూ, వేడినీటిని గొట్టాల్లోకి తోసే పంపుకూ మాత్రం కరెంటు కావాలి. మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటూ ఆయన ఆ అలమరను ఒక్కనాడూ తెరిచి చూడలేదు.

"ఏమండీ, వెలిగిందా?" పడకగదిలోంచి హేమమాలిని గొంతు. ఆ వెనకనే దగ్గు.

"చూస్తున్నాను" అన్నారాయన, తలుపు మూస్తూ.

ఆమె న్యుమోనియాతో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి, రెండు రోజుల క్రితమే ఇంటికి వచ్చింది. గది పద్దెనిమిది డిగ్రీలకు తగ్గకుండా చూడమని డిశ్చార్జి కాగితంలో రాసి ఉంది. జనార్దనరావుగారు గోడకున్న ఉష్ణమాపకాన్ని చూశారు. పదిహేడు. డైరీలో ఒక ఖాళీ పేజీ తీసి, స్కేలు పెట్టి నిలువుగీతలు గీసి, గంట ఒకవైపూ డిగ్రీలు ఒకవైపూ రాశారు. సబ్‌స్టేషన్‌లో లాగ్ షీటు నింపినట్టే. తరువాత మెట్లకిందకు వెళ్ళి, కరెంటు తిరిగివచ్చేటప్పుడు దెబ్బ కొట్టకుండా ఇంటి మెయిన్ స్విచ్చును స్వహస్తంతో దించారు. కనీసం అది తనకు తెలిసిన పని.

పన్నెండున్నరకు అనురాధ వచ్చింది. ఆమె ఆసుపత్రిలో డాక్టరు. ముందురోజు సాయంత్రం డ్యూటీకి వెళ్ళి, దారిలో చెట్లు పడిపోవడంతో అక్కడే చిక్కుకుపోయింది. కోటు విప్పకుండానే తల్లి వీపుమీద స్టెతస్కోపు పెట్టి వింది.

"బాయిలర్ ఎందుకు ఆన్ చెయ్యలేదు నాన్నా?"

"దానికీ కరెంటు కావాలి."

అనురాధ తండ్రి ముఖంలోకి చూసింది. ఆమె ఏమైనా అని ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది.

"వంటింటి పొయ్యి వెలిగించి ఉంచుదునా?"

"వద్దు. క్లోజ్డ్ రూమ్, పైగా అమ్మ లంగ్స్! హాట్ వాటర్ బాటిల్‌కి నీళ్ళు కాచుకోండి, అంతే, ఆఫ్ చేసెయ్యండి. మీ అల్లుడు రింగాస్కిడీ ఊరి నుంచి బయల్దేరలేడు, రోడ్లన్నీ క్లోజ్డ్. ఫోన్లూ లేవు. టూ డేస్ అంటున్నారు, త్రీ అంటున్నారు. నేను నాలుగింటికి మళ్ళీ వెళ్ళాలి."

అప్పుడే ఎవరో తలుపు తట్టారు. పక్కింటి కృపారావు. ఆయన కొడుకు గిడియన్ అదే ఆసుపత్రిలో నర్సు. వాళ్ళింట్లో అన్నీ కరెంటుతోనే. గిడియన్ ముచ్చటపడి హీట్ పంపు పెట్టించుకున్న రోజున జనార్దనరావుగారు కంచె మీదుగా, "కరెంటు పోయిననాడు మీ ఇల్లు ఐసుపెట్టె అవుతుంది కృపారావ్, దుప్పట్లు కొని ఉంచుకో" అని నవ్వారు. కృపారావూ నవ్వాడు. ఒకప్పుడు అదే విద్యుత్ శాఖలో, అదే సెక్షన్‌లో ఆయన కింద లైన్‌మన్‌గా పనిచేసిన మనిషి. ఇన్నేళ్ళ తరువాత, ఇన్ని సముద్రాలవతల, ఇద్దరికీ మధ్య ఒక్క కంచె మిగిలినా, కృపారావు ఆయనను 'సార్' అనడమూ మానలేదు, ఈ గడప దాటి లోపలికి అడుగుపెట్టడమూ చెయ్యలేదు.

"అమ్మగారు ఎట్టా ఉన్నారు సార్?"

"బాగానే ఉంది."

"లోపలికి రండి అంకుల్" అంది అనురాధ.

"వద్దమ్మా, బూట్లు తడి" అంటూ కృపారావు ఎడమచేత్తో ఒక మూట అందించాడు. "అబ్బాయి గడ్డిపొట్టు కూరిన దుప్పటి ఒకటి చేశాడు. మా ఇల్లు ఎటూ ఐసుపెట్టేగా సార్! మాకు ఇంకోటుంది."

కుడిచెయ్యి కోటు జేబులోనే ఉంది. ఎప్పుడూ అంతే.

రెండోనాడు ఉదయానికి ఉష్ణమాపకం పదమూడు చూపింది, మధ్యాహ్నానికి పన్నెండు. అద్దాలకు లోపలివైపున నీరు పట్టి ధారలు కట్టింది. హేమమాలిని మూడు దుప్పట్ల కింద ముఖం మాత్రం బయటపెట్టి పడుకుని ఉంది. దగ్గు వచ్చినప్పుడు దుప్పట్లన్నీ ఒక్కటిగా లేచి పడుతున్నాయి. మనుమరాలు లోహిత అమ్మమ్మ పక్కనే ముడుచుకుని, తన ఊపిరి ఆవిరిగా పోవడాన్ని చూస్తూ, "ఇట్స్ గ్రాండ్, తాతా, అయామ్ నాట్ ఈవెన్ కోల్డ్" అంటున్నది. ముక్కు ఎర్రగా ఉంది.

సాయంత్రం అనురాధ మళ్ళీ వచ్చి తల్లి వేలికి ఆక్సిజన్ కొలిచే చిన్న క్లిప్పు పెట్టి చూసింది. ఆ అంకె చూసి పెదవి కొరుక్కుంది.

"నాన్నా, రేపు ఈవెనింగ్ నేను వచ్చేసరికి ఈ రూమ్ టెన్ కంటే తగ్గిందంటే అమ్మని తీసుకెళ్ళిపోతా."

"ఎక్కడికి? మంచాలు లేవన్నావుగా."

"లేవు. కుర్చీలో కూర్చోబెడతా. చుట్టూ ఫ్లూ పేషెంట్లు. ఇప్పుడు మళ్ళీ ఫ్లూ తగిలితే..." అని ఆగిపోయింది. "అందుకే రేపటిదాకా అంటున్నా."

"నన్ను ఎక్కడికీ కదపొద్దే" అంది హేమమాలిని కళ్ళు మూసుకునే. "ఈయన ఏదో ఒకటి చేస్తారు. పెద్ద ఇంజనీరు."

ఆ మాటలో ఎగతాళి లేదు. ఉన్నా ఇంత బాధపెట్టేది కాదు.

మూడోనాడు తెల్లవారి పది అయింది. పది గంటలకు పది డిగ్రీలు. జనార్దనరావుగారు ఆ అంకెను రాసి, డైరీ మూసి, టై కట్టుకుని, ఓవర్‌కోటు వేసుకుని బయలుదేరారు. అరమైలు దూరంలో మార్టిన్ అనే రైతు జనరేటరుతో బావిపంపు నడిపి పశువులకు నీళ్ళు పెట్టుకుంటున్నాడని లోహిత చెప్పింది. సహాయం అడగడమనేది ఆయనకు అలవాటు లేని పని. దారిపొడుగునా ఇంగ్లీషు వాక్యాన్ని నాలుగుసార్లు లోలోపల దిద్దుకున్నారు. తీరా మార్టిన్ ఆ వాక్యాన్ని సగంలోనే ఆపి, "నాలుగింటికల్లా తిరిగి కావాలి, నా గొడ్లకు దాహమవుతుంది" అని చెప్పి, జనరేటరును ట్రాక్టరు మీద తెచ్చి వంటింటి కిటికీ కింద దించి వెళ్ళాడు.

పదకొండున్నర. చేతిలో నాలుగున్నర గంటలున్నాయి.

ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని కళ్ళజోడు సవరించుకున్నారు. రెండు పాత తీగలను కోసి, మూడు రంగుల పోగులూ చాకుతో ఒలిచి, మెలిపెట్టి, రెండు చివరలా ప్లగ్గులు బిగించారు. ఒక ప్లగ్గు జనరేటరులోకి, రెండోది గోడలోని సాకెట్టులోకి. గోడలోంచి కరెంటు తీసుకునేదానికి బదులు గోడలోకే కరెంటు ఇవ్వడం. అప్పుడు ఇల్లంతా లేస్తుంది, బాయిలర్‌తో సహా. వేళ్ళు చలికి మొద్దుబారినా ముడులు చక్కగా వచ్చాయి. చాలాకాలానికి ఆయన చేతులకు పని దొరికింది.

"తాతా! ద లైన్ గైజ్ ఆర్ హియర్!" లోహిత కిటికీ దగ్గర గంతులేసింది. పెరటి కంచె అవతల స్తంభం దగ్గర పసుపుపచ్చ బండి ఒకటి ఆగింది. ఒక కుర్రవాడు బండి క్రేను చివరి బకెట్టులో నిలబడి పైకి లేస్తున్నాడు.

"ఎంతసేపట్లో ఇస్తారో అడిగి రా."

ఆ పిల్ల పరుగెత్తి వెళ్ళి, పరుగెత్తి వచ్చింది. ఈరోజే కావచ్చు, రేపు కావచ్చు, మాట ఇవ్వలేమన్నారట.

రేపు! ఆయన ఉష్ణమాపకం చూశారు. తొమ్మిదిన్నర. తీగను చుట్ట చుట్టి పట్టుకుని పెరటి తలుపు తీసేసరికి ఎదురుగా కృపారావు నిలబడి ఉన్నాడు. చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు. వాళ్ళింట్లో నీళ్ళు కాచే దారి లేదు గనక రోజూ రెండుపూటలా ఈ గుమ్మంలోనే నింపుకుని పోతున్నాడు. అతని చూపు జనరేటరు మీద ఒకసారి, తీగ మీద ఒకసారి పడింది. తీగకు రెండు చివరలా ప్లగ్గులుండటం మీద ఆగింది.

"అదేంటి సార్?"

"బాయిలర్‌కు."

"రెండువైపులా ప్లగ్గేంటి సార్?"

"చూస్తే తెలియడం లేదా? సాకెట్టులోంచి ఇంటికి ఇస్తాను. తప్పుకో, వేళ లేదు."

కృపారావు తప్పుకోలేదు. "ఈ ఇంటి తీగ ఆ స్తంభం మీదికేగా పోయేది! కరెంటు అటెక్కితే ఆ కుర్రాడు?"

"మెయిన్ ఆపి ఉంది. ఇంట్లో కరెంటు ఇంట్లోనే ఉంటుంది. నాకు చెబుతున్నావా?"

"ఆపి ఉందా సార్?"

"మొదటిరోజే నా చేత్తో ఆపాను. అదిగాక ఇక్కడివాళ్ళకూ లైనులో కరెంటు లేదని తేల్చుకునే లైన్ క్లియర్ పద్ధతి ఉంటుంది. తీగను నేలకు కలుపుకోకుండా ముట్టుకోరు. అది నియమం."

"నియమం మాకూ ఉండేది సార్" అన్నాడు కృపారావు.

అని కుడిచెయ్యి జేబులోంచి తీశాడు. బొటనవేలు, చూపుడువేలు, చిటికెనవేలు ఉన్నాయి. మధ్యలో రెండు లేవు. ఆ ఖాళీ నుంచి మణికట్టు దాకా చర్మం మైనంలా మెరుస్తున్నది. కంచెకు చెరొకవైపు మూడేళ్ళున్నా జనార్దనరావుగారు ఆ చేతిని ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు.

"ఆరోజు నేను స్తంభం మీదుంటే, రైసుమిల్లు ఆయన కూడా మెయిన్ ఆపే జనరేటరు వేశానన్నాడు. మీ రిపోర్టులోనూ అదే ఉంది. 'మిల్లు మెయిన్ స్విచ్చు ఆపి ఉన్నది. లైన్‌మన్ అజాగ్రత్త.' ఆరునెలలు సస్పెన్షన్‌లో ఉన్నా గదా, ఆ కాగితం నాకు నోటికొచ్చు."

"విచారణ చేసే రాశాను."

"చూసి రాశారా సార్?"

లోపల హేమమాలినికి దగ్గు తెర వచ్చింది, ఆగలేదు, మళ్ళీ వచ్చింది.

"వేళ మించిపోతున్నది కృపారావ్. లోపల మనిషి..."

"తెలుసు సార్. ఒక్కసారి చూసొస్తా."

అలా అని, బూట్లు విప్పి, గడప దాటాడు. మూడేళ్ళలో మొదటిసారి. తడి మేజోళ్ళ ముద్రలు పలకలమీద పడుతూ మెట్లకిందికి పోయాయి. జనార్దనరావుగారు తీగచుట్టతో వెనకనే నడిచారు. ఆయన మనసులో అప్పటికి కోపం తప్ప మరొకటి లేదు. మెట్లకింది అలమర తలుపు తీశారు, టార్చి వేశారు.

మెయిన్ స్విచ్చు పైకి ఉంది.

ఆయన టార్చిని దగ్గరగా తీసుకుపోయారు. పైకే ఉంది. పక్కనున్న అక్షరాలు చదివారు. ఆన్.

"ఓ, మామ్ పుట్ దట్ బ్యాక్ ఆన్" అంది లోహిత వెనకనుంచి. మొదటిరోజే, మళ్ళీ డ్యూటీకి పోతూ అమ్మ వేసి వెళ్ళిందట. వాకిట్లో దీపం వెలిగితే కరెంటు వచ్చినట్టు దూరంనుంచే తెలుస్తుందని. తాతకు చెప్పమని తనతో అందట కూడా. మరిచిపోయింది.

జనార్దనరావుగారు వంటింట్లోకి నడిచి కిటికీలోంచి చూశారు. బకెట్టులోని కుర్రవాడు మందపాటి గ్లోవును పళ్ళతో పట్టి లాగేసి, వట్టి చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. ఆ చెయ్యి తెల్లగా, ఎర్రగా, పచ్చిగా ఉంది. ఐదువేళ్ళూ ఉన్నాయి. ఆ చెయ్యి తీగవైపు చాపి ఏదో బిగించుకుంటున్నది.

ఆయన తీగచుట్టను బల్లమీద పెట్టబోయారు. అది జారి కిందపడింది. రెండు ప్లగ్గులూ పలకలమీద టపటపమన్నాయి.

కృపారావు వంగి దాన్ని తీసుకుని, చాకుతో ఒకవైపు ప్లగ్గును కోసేశాడు. ఆ తరువాత మెయిన్ స్విచ్చు దించి, దానికిందున్న తెల్లని పింగాణీ ఫ్యూజును మరలు తిప్పి ఊడదీసి, చొక్కా పైజేబులో వేసుకుని బొత్తాము పెట్టుకున్నాడు. స్తంభమెక్కేముందు లైన్‌మన్ చేసే పని అది. తన ప్రాణం తన జేబులో ఉంటే, కింద ఎవరు ఏ స్విచ్చు వేసినా భయంలేదు.

"సార్, ఇల్లంతా మనకెందుకు? బాయిలర్ ఒక్కదానికి ఇస్తే చాలదూ?"

చాలు. ఒక దీపానికి పట్టేంత కరెంటు చాలు దానికి. ఇంటినుంచి దాన్ని విడదీసి నేరుగా జనరేటరుకు కలపవచ్చు. కొత్తగా చేరిన లైన్‌మన్‌కు తట్టే సంగతి. తనకు తట్టలేదు.

"టార్చి పట్టుకోండి సార్."

జనార్దనరావుగారు టార్చి పట్టుకున్నారు. కృపారావు గోడమీది తెల్లస్విచ్చు మూత విప్పి, బాయిలర్ తీగను ఊడదీసి, ప్లగ్గు మిగిలిన ఆ తీగముక్కకు దాన్ని కలుపుతున్నాడు. మరమేకును బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఇరికించి, చూపుడువేలితో తిప్పే ఆ చేతి ఒడుపును ఆయన కన్నార్పకుండా చూశారు.

"కొంచెం కిందకు సార్. నా మొహం మీద కాదు."

"ఊఁ."

"ఈ మిషను కిటికీ కింద పెట్టారేంటి, పొగంతా అమ్మగారికే పోద్ది. కంచె దాకా లాగుదాం పట్టండి."

ఇద్దరు ముసలివాళ్ళూ చెరొక పిడీ పట్టుకుని జనరేటరును గడ్డిమీద ఈడ్చారు. కృపారావు తాడు లాగాడు. మూడోసారికి అది గర్జించింది. లోపల బాయిలర్ టిక్కుటిక్కుమని, ఒక్క క్షణం ఆగి, బుస్సుమంది. దాని చిన్న కిటికీలో నీలిమంట నిలిచింది. కాసేపటికి గోడలవెంట గొట్టాలు సాగుతూ టకటకలాడటం మొదలెట్టాయి. హేమమాలిని చెయ్యి చాపి రేడియేటరును తాకి, "వస్తున్నదండీ" అంది.

ఒంటిగంటకు పదకొండు. రెండింటికి పద్నాలుగు. ఆయన రాస్తున్నారు, కాని గీతలు వంకరపోతున్నాయి. గిడియన్ రాత్రి డ్యూటీ నిద్రలోంచి లేచివచ్చి, రేడియేటరుకు వీపు ఆనించి, "అంకుల్, మీ గ్యాసూ మా కరెంటూ ఒకే బడిలో చదువుకున్నట్టున్నాయి!" అని నవ్వాడు. జనార్దనరావుగారికి నవ్వాలని ఉన్నా రాలేదు. కృపారావు హేమమాలిని పెట్టించిన టీ ఫ్లాస్కులో పోసుకుని, లైను కుర్రవాళ్ళకిచ్చి వస్తానని కంచె దాటి వెళ్ళాడు. స్తంభం కింద తల పైకెత్తి నిలబడి, వచ్చీరాని ఇంగ్లీషులో వాళ్ళతో ఏదో చెబుతున్నాడు. వాళ్ళు నవ్వుతున్నారు.

మూడున్నర దాటింది. వెలుతురు తగ్గుముఖం పట్టింది. ఉన్నట్టుండి ఎదుటి ఇంటి వాకిట్లో దీపం వెలిగింది. ఆ పక్క ఇల్లు, దాని పక్క ఇల్లు. గిడియన్ ఇంట్లో హీట్ పంపు గుంయ్‌మని లేచింది. కాలనీ అంతటా పిల్లలు కేకలు వేశారు.

"మనకు రాలేదేమండీ?" అంది హేమమాలిని.

లోహిత మెట్లకిందికి పరుగెత్తింది. "తాతా, కమాన్! జస్ట్ స్విచ్ ఇట్ ఆన్!"

"వద్దు. ముట్టుకోకు."

"వై?"

"అది మన చేతిలో లేదమ్మా. కృపారావుగారి దగ్గరుంది."

ఆయన మెట్లకింద చీకట్లో, ఖాళీ ఫ్యూజు గూడు ఎదురుగా నిలబడ్డారు. కాలనీ మొత్తంలో ఆ ఒక్క ఇల్లే నల్లగా ఉంది. పెరటి తలుపు చప్పుడైంది. కృపారావు గడప దగ్గర ఆగి, వంగి బూటుతాళ్ళు విప్పబోతున్నాడు.

"అలాగే రండి" అన్నారు జనార్దనరావుగారు.

కృపారావు తలెత్తి చూశాడు. ఆ పిలుపు తననేనా అన్నట్టు ఒక్క క్షణం ఆగాడు. బురద బూట్లతోనే లోపలికి వచ్చి, జేబు బొత్తాము తీసి, ఫ్యూజును అరచేతిలో పెట్టి చాపాడు. మూడువేళ్ళ మధ్య అది తెల్లగా మెరిసింది.

"తీసుకోండి సార్. మీ ఇంటిది."

జనార్దనరావుగారు చెయ్యి చాపలేదు. రెండు చేతులూ వెనక్కు కట్టుకుని, ఒక అడుగు పక్కకు జరిగి దారి ఇచ్చారు.

"మీరే పెట్టండి. స్తంభం మీంచి అందరూ దిగారో లేదో చూసింది మీరు" అన్నారు.

"నేను చూడలేదు. ఆనాడు మిల్లులోనూ చూడలేదు."